సబ్బు ముడిసరుకుల్లో పామాయిల్ ధ్రువీకరణ

సబ్బు, షాంపూలకు వాడే పామాయిల్ సరుకు అడవులు నరకని, కూలీల హక్కులు తొక్కని తోటలదేనా అని బయటి సంస్థ తనిఖీ చేసి పత్రం ఇచ్చే పద్ధతి ఇది. సబ్బు కాగితం వెనక సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్ అని చిన్న అక్షరాల్లో ఉంటాయి. రెండూ ఒకే కాయ బిడ్డలు. గుజ్జు పిండితే ఎర్రటి నూనె వస్తుంది, లోపలి గింజ పిండితే కొబ్బరినూనెను పోలిన నూనె వస్తుంది. నురగ ఈ రెండోదాని చలవ.

సబ్బుకూ తోటకూ మధ్య గొడవ పాతదే. ఇంగ్లండు సబ్బుల తయారీదారు విలియం లీవర్ 1911లో బెల్జియన్ కాంగోలో భూములు పొందాడు. స్వదేశంలో తన పోర్ట్ సన్‌లైట్ సబ్బు కర్మాగారం కార్మికులకు ముచ్చటైన ఇళ్లు కట్టించిన ఆయన కంపెనీయే అక్కడ గెలలు కోయించడానికి బలవంతపు చాకిరీ మీద ఆధారపడింది.

20వ శతాబ్దం చివరికి ఇండోనేషియా, మలేషియా తోటలు అడవుల్లోకి, పీట్ చిత్తడి నేలల్లోకి చొచ్చుకుపోయాయి. యూనిలీవర్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్, మలేషియా తోటల యజమానులు తదితరులు కలిసి 2004లో సుస్థిర పామాయిల్ రౌండ్‌టేబుల్‌ను (ఆర్‌ఎస్‌పీఓ) స్థాపించారు. నియమావళి 2005లో సిద్ధమైంది. ధ్రువీకరణ పొందిన తొలి నూనె 2008లో రోటర్‌డామ్ చేరింది. అదే ఏడాది ఏప్రిల్‌లో గ్రీన్‌పీస్ కార్యకర్తలు ఒరాంగుటాన్ వేషాలతో లండన్‌లోని యూనిలీవర్ కార్యాలయం ఎక్కారు. వారి గురి డవ్ సబ్బు. రోజుల్లోనే కంపెనీ దిగివచ్చి, 2015 కల్లా ధ్రువీకృత నూనే కొంటామని ప్రకటించింది.

మాట నిలబెట్టుకోవడంలోనే చిక్కు. వంటనూనెను విడి ట్యాంకులో దాచవచ్చు. సబ్బు దారి వేరు. నూనెను చీల్చి కొవ్వు ఆమ్లాలు, గ్లిజరిన్ తీస్తారు. ఆమ్లాలను క్షారంతో కలిపి, తెల్లటి చిన్న ముక్కలుగా, సబ్బు నూడుల్స్‌గా అమ్ముతారు. ఇంకొక కర్మాగారం వాటికి రంగు, వాసన కలిపి అచ్చు పోస్తుంది. ఇన్ని చేతులు మారేసరికి ఏ తోట నూనె ఏ ముక్కలో ఉందో ఎవరు చెప్పగలరు?

అందుకే రెండు సర్దుబాట్లు పుట్టాయి. ఒకటి మాస్ బ్యాలెన్స్: సరుకు కలిసిపోయినా, లోపలికి వచ్చిన ధ్రువీకృత నూనెకు సరిపడా మేరకే బయట అమ్ముకోవాలి. రెండోది గ్రీన్‌పామ్ పేరుతో సాగిన పత్రాల వ్యాపారం: తోటవాడికి టన్నుకో పత్రం, కావలసిన కంపెనీ దాన్ని కొనుక్కుంటుంది. నూనె ఎటు పోయినా అడగరు. యూనిలీవర్ 2012లోనే లక్ష్యం చేరానంది, అదీ ఎక్కువగా ఈ గ్రీన్‌పామ్ పత్రాలతోనే. లెక్క సరే, సబ్బులోని నూనె సంగతి మాత్రం లెక్కలో లేదు. ఈ వెలితి తెలిసే ఆ కంపెనీ తర్వాత ఉత్తర సుమత్రాలోని సేయ్ మంకేయ్‌లో నూనె నుంచి కొవ్వు ఆమ్లాలు తీసే సొంత ఒలియోకెమికల్ కర్మాగారం పెట్టుకుంది. గ్రీన్‌పామ్ 2016 చివర మూతపడింది, పత్రాలు మాత్రం క్రెడిట్ల పేరుతో కొనసాగుతున్నాయి.

ఆర్‌ఎస్‌పీఓ 2018లో అటవీ నిర్మూలనపై నిబంధనలు బిగించింది, 2019లో చిన్న రైతులకు వేరే ప్రమాణం తెచ్చింది. ప్రపంచ పామాయిల్‌లో దాదాపు ఐదో వంతే ఇప్పటికి ధ్రువీకృతం.

మన దేశంలో ఆయిల్‌పామ్ పండించడంలో ముందున్నది ఆంధ్రప్రదేశ్. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ కూడా ఏలూరు దగ్గరి పెదవేగిలోనే ఉంది. కోసిన గెల 24 గంటల్లో మిల్లు చేరకపోతే నూనె ఆమ్లత పెరిగిపోతుందని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే గోదావరి జిల్లాల్లో తోటలు ఎక్కువగా సాగు భూముల్లోనే వేశారు. సుమత్రాలో ముందు అడవి గురించి అడుగుతారు, ఇక్కడ అడగవలసింది బోరు నీటి గురించి.