ఆయాసానికీ ఒక లెక్క

సాయంత్రం పూట వరంగల్, హనుమకొండల్లో ఏ గ్రౌండ్ పక్కన నిలబడినా బంతి వెంట పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. "ఇంకా, ఇంకా!" అని గట్టు మీది నుంచి పెద్దల కేకలూ వినిపిస్తాయి. ఆ "ఇంకా"కి హద్దెక్కడ? ఈ ప్రశ్నకు వందేళ్లు పైబడిన చరిత్ర ఉంది.

1903లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండ్‌లో ష్లాటర్ అనే డాక్టర్లు ఎవరికి వారుగా ఒకే సంగతి రాశారు. పొడవు పెరిగే వయసులో తొడ కండరం పదేపదే లాగితే, ఇంకా ముదరని ఎముక ఓర్చుకోలేక మోకాలిచిప్ప కింద నొప్పి పుడుతుంది. "ఎదుగుదల నొప్పులేలే" అని మనం తీసిపారేసే వాటిలో ఇదీ ఒకటి.

1930లలో జర్మనీ కోచ్ గెర్ష్‌లర్, రైండెల్ అనే గుండె డాక్టరుతో కలిసి నాడి చూసి పరుగు నేర్పాడు. నాడి నిమిషానికి 120కి దిగాకనే మరో పరుగు! ఆయన శిష్యుడు హార్బిగ్ 1939లో 800 మీటర్లలో ప్రపంచ రికార్డు సృష్టించాడు.

తర్వాతి కాలంలో ఇటు మన హైదరాబాదులో, బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం ఫుట్‌బాల్ నేర్పారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది. కుర్రాళ్లకు అలవాటు లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారట. ఆటగాణ్ణి బట్టి ఆటను మలచడమంటే అదే కదూ!

ఆ పైన స్వీడన్‌లో బోర్గ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయాసమెంతో పడ్డవాణ్ణే అడగమన్నాడు. అమెరికాలో ఫాస్టర్ దాన్ని మరింత సులువు చేశాడు. కష్టం పదికి ఎంతో అడిగి, ఆడిన నిమిషాలతో హెచ్చవేయడమే. 60 నిమిషాల ఆట, కష్టం 5 అంటే భారం 300 అన్నమాట.

ఇప్పుడు ఒంటికి తొడిగే చొక్కాలోనే వేగం కొలిచే యంత్రాలొచ్చాయి. కానీ పెద్దల లెక్కలో చాలాచోట్ల గంటకు 25 కిలోమీటర్లు దాటితేనే స్ప్రింట్. పదేళ్లవాడు ప్రాణం పెట్టి పరుగెత్తినా ఆ గీత దాటకపోవచ్చు. యంత్రం దృష్టిలో వాడసలు స్ప్రింటే చేయలేదు! అందుకే పిల్లలకు వాళ్ల సొంత వేగమే కొలబద్ద కావాలి.

మన ఇంట్లో యంత్రం లేకపోయినా గోడకు కేలండరు ఉంటుంది. అబ్బాయైనా అమ్మాయైనా ఆడి వచ్చాక కాసేపాగి, "ఎన్ని గోల్స్ కొట్టావు?" అనే ముందు "ఎంత కష్టమనిపించింది, పదికి?" అని అడగండి. ఆ అంకె తారీఖు పక్కన వేయండి. ఒక వారం ఉన్నట్టుండి లెక్క పెరిగినా, మోకాలు నొప్పి అన్నా, మర్నాడు కోచ్‌తో మాట్లాడండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.