ఆగమని చెప్పే హక్కు

1979 ఆగస్టు 10 పొద్దున, అప్పటి నెల్లూరు జిల్లా తీరంలోని శ్రీహరికోటలో ఎస్సెల్వీ-3 రాకెట్ తొలి ప్రయోగం. కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లో కంప్యూటర్ దాన్ని నిలిపేసింది. నియంత్రణ వ్యవస్థలో లీకు ఉన్నా నిల్వ సరిపోతుందని నిపుణులు చెప్పారు. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం కంప్యూటర్ మాట పక్కనపెట్టి ప్రయోగించమన్నారు. 7 గంటల 58 నిమిషాలకు లేచిన 17 టన్నుల రాకెట్ రెండో దశలో అదుపు తప్పింది. 317 సెకన్లకు ప్రయాణం ముగిసి, శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి. రెండో దశను తిన్నగా నడపాల్సిన నైట్రిక్ యాసిడ్ వాల్వు మూసుకోక ముందే కారిపోయిందని విచారణలో తేలింది. మరుసటి ఏడాది జులై 18న ఇదే రకం రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది.

ఆ నిలిపివేతను ఇంటరప్ట్ (కంప్యూటర్ చేస్తున్న పనిని మధ్యలో ఆపే సంకేతం) అని ఎవరూ అనరు. అయినా ఇంటరప్ట్ కథ పొడుగునా నలిగిన ప్రశ్నే అక్కడా ఎదురైంది: ఆగమనే సంకేతాన్ని తోసిపుచ్చే అధికారం ఎవరికుండాలి?

తొలినాళ్ల కంప్యూటర్, బయటి పరికరం ఎప్పుడు పలుకుతుందా అని పదేపదే అడుగుతుండేది, గాలం వేసినవాడు బెండు మీదే చూపు నిలిపి కూర్చున్నట్టు. 1950లలో ఆ వృథా కాపలా తప్పింది. అమెరికాలో విమాన పరిశోధన కోసం నడిపే విండ్ టన్నెల్‌కు యూనివాక్ 1103 యంత్రాన్ని జతచేశారు. టన్నెల్ నుంచి కొలతలు రాగానే చేస్తున్న లెక్క ఆపి వాటిని అందుకోవడం, పని కాగానే వదిలిన చోటు నుంచి మళ్లీ మొదలెట్టడం. ఇంతే, కానీ కంప్యూటర్ బయటి ప్రపంచపు వేళకు తలొగ్గడం నేర్చుకున్నది ఇలాగే.

1976లో వచ్చిన జెడ్80 చిప్ పై ప్రశ్నకు రెండు తీగలతో జవాబిచ్చింది. ఒకటి మామూలు ఇంటరప్ట్. ప్రోగ్రామ్ వద్దంటే ఆగుతుంది. రెండోది ఎన్ఎంఐ, దాన్ని ఏ ప్రోగ్రామూ కాదనలేదు. సింక్లెయిర్ కంపెనీ 1982లో తెచ్చిన స్పెక్ట్రమ్ కంప్యూటర్‌లో ఈ చిప్పే ఉంది. దాని ప్లస్ నమూనాను మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో అమ్మింది.

స్పెక్ట్రమ్‌లో సెకనుకు 50 సార్లు మామూలు ఇంటరప్ట్ వచ్చేది. వచ్చినప్పుడల్లా గడియారం లెక్క ఒకటి పెంచి, ఏ మీట నొక్కారో చూసేది. క్యాసెట్ నుంచి ప్రోగ్రామ్ ఎక్కేటప్పుడు మాత్రం దాన్ని ఆపేసేవారు, టేపు శబ్దాల నిడివి తప్పకుండా కొలవాలి కాబట్టి. ఆ కాసేపూ గడియారం నిలిచిపోయేది. ఇది తెలిసి ఒప్పుకున్న నష్టం. నాకిది మంచి ఇంజనీరింగ్ అనిపిస్తుంది.

ఎన్ఎంఐ సంగతి వేరు. అది రాగానే చిప్ 102వ చిరునామాకు దూకుతుంది. అక్కడ రోమ్‌లో (మార్చలేని మెమరీలో) రాసిన షరతు తిరగబడింది. వాడుకరి తన చిరునామా ఇచ్చి ఉంటే ఏమీ చేయదు, ఇవ్వకపోతే యంత్రాన్ని రీసెట్ చేస్తుంది. కాదనలేని తీగ అలా ఎందుకూ కొరగాకుండా పోయింది.

దాన్ని పనికి తెచ్చింది మల్టీఫేస్ అనే చిన్న పెట్టె. దాని బొత్తాం నొక్కితే ఎన్ఎంఐ వెళ్తుంది. చిప్ 102కు చేరే క్షణాన పెట్టె తన సొంత రోమ్‌ను అక్కడ నిలబెడుతుంది. ఆట ఉన్నచోటే ఆగిపోతుంది, మెమరీ మొత్తాన్ని టేపుకు దించుకోవచ్చు.