ఎర్రర్ నంబర్ 41

రాత్రి రెండు దాటింది. మాదాపూర్‌లో ఆఫీసు అద్దాలను జూలై వాన బాదేస్తోంది. లోపల ఏసీ చలికి ఆ అమ్మాయి చున్నీని భుజాల చుట్టూ బిగించి కప్పుకుంది. ఎదురుగా నల్లటి తెర. పచ్చటి అక్షరాలు. అన్నిటికంటే కింద, ఎర్రర్ నంబర్ 41.

"లెక్క చిన్నదే కదమ్మా," అన్నాడు పక్క సీట్లోని సీనియర్.

చిన్నదే. 2 ఘాతం 1000 కనుక్కోవాలి. ఆ జవాబులోని అంకెలన్నీ కూడాలి. పైథాన్‌లో అయితే ఆమెకి ఒక్క వరుస పని. కానీ సోమవారం నుంచి ఆమె చూసుకోవాల్సినవి మెయిన్‌ఫ్రేమ్ మీద ఏళ్లుగా నడుస్తున్న రెక్స్ స్క్రిప్టులు. ఆ భాష మొహం ఆమె చూడటం ఈ రాత్రే.

తప్పు ఐదో లైన్లో ఉందట. అక్కడున్నది ఉత్త కూడిక. 'టోటల్'కి ఒక్కో అంకె కలుపుతూ పోవడం. కూడికలో ఏం తప్పు? 'టోటల్' విలువేంటో తెరమీద వేయించింది. సున్నా రాలేదు. 'టోటల్' అన్న పేరే పెద్దక్షరాల్లో తిరిగొచ్చింది.

"రెక్స్‌లో మనం విలువ ఇవ్వకపోతే పేరే విలువైపోతుంది," అన్నాడాయన. "పేరుకి అంకెనెట్లా కలుపుతుంది చెప్పు?"

టోటల్‌కి ముందే సున్నా ఇచ్చింది. ఎంటర్ కొట్టింది. మళ్లీ 41.

ఈ భాషను ఇంగ్లండ్‌లో ఐబీఎం ఉద్యోగి మైక్ కౌలిషా 1979లో మొదలుపెట్టాడు. సొంత సమయంలో కూర్చుని రాశాడు. వాడే మనిషికి తేలిగ్గా ఉండాలన్నది ఆయన పట్టుదల. అందుకే రెక్స్ మనం కాగితం మీద చేసినట్టే దశాంశ పద్ధతిలో లెక్క చేస్తుంది, ఎన్ని అంకెలు కావాలంటే అన్ని ఇస్తుంది. పాతదని తోసేసేవాళ్లకి తెలియని గొప్పతనం ఇది. కాకపోతే అడగాలి. అడగకపోతే తొమ్మిదే.

వాన హోరు పెరిగింది, అవతలి క్యాబిన్లో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది, టీ మీద మీగడ కట్టింది, ఆమె మాత్రం కూడికను వదిలేసి అసలు ఆ సంఖ్యనే తెరమీదికి లాగి, 1.07150861 అనీ దాని వెనకే 'ఇ ప్లస్ 301' అనీ చదివి, లూప్ మొదటి ఒకటిని కూడుకుని రెండో అడుగులోనే ఆ చుక్కకి తగిలి బోర్లా పడిందని పోల్చుకునేసరికి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"302 అంకెలుండాలి సార్! తొమ్మిదే చూపిస్తోంది!"

"నువ్వడిగావా మరి?"

పైన ఒక వరుస చేర్చింది. న్యూమరిక్ డిజిట్స్ 400. ముందు చేత్తో సరిచూసుకోగలిగే లెక్క పెట్టింది. 2 ఘాతం 15 అంటే 32768. వేళ్ల మీద కూడితే 26. తెర కూడా 26 అంది. 15 చెరిపి 1000 కొట్టింది. వేలు ఎంటర్ మీద ఆగింది. నొక్కింది.

1366.

ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఘాతం పదివేలైతే?"

"3011 అంకెలు సార్," అంటూనే ఆమె 400 పక్కన ఇంకో సున్నా కొట్టింది.