మంచము నుండి కుర్చీకి

మన భాషలో గుండె యన్న మాటకు రెండర్థము లున్నవి. భయపడినవాని గుండె జారిపోయినదందుము. ధైర్యము గలవానిని గుండెదిటవు గలవాడందుము. రక్తమును నడపు కండరమునకును, మనస్సునకును ఒక్క పేరే చాలునని మన పెద్దలు తలచిరి. వైద్యశాస్త్రము మాత్రము ఈ రెండింటిని చాలకాలము వేరుచేసి చూచినది. గుండెపోటు నుండి బ్రతికి బయటపడినవాని దిగులును రోగములో భాగముగా లెక్కించుటకు దానికి దశాబ్దములు పట్టినది. ఆ కథనే ఇప్పుడు చెప్పదలచితిమి.

గుండెకు రక్తమిచ్చు ధమని హఠాత్తుగా మూసికొనిపోయినను రోగి తప్పక మరణింపడని 1912లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ చూపెను. అట్లు బ్రతికినవానికి చికిత్స యేమి? విశ్రాంతి యొక్కటే ఆనాటి వైద్యులకు తోచినది. 1939లో బోస్టన్ నగరమున మాలరీ, పాల్ డడ్లీ వైట్ మొదలగువారు మరణించిన 72 మంది గుండెలను పరీక్షించి, దెబ్బతిన్న కండరము మానుటకు వారములు పట్టునని తేల్చిరి. దానితో పడక నియమము మరింత బిగిసినది. నాలుగు మొదలు ఆరు వారముల వరకు రోగి మంచము దిగరాదు. అన్నము మరియొకరు తినిపింపవలెను. ప్రక్కకు ఒత్తిగిలుటకును ఒకరి సాయము కావలెను.

ఆ మంచముమీది మనుష్యుని స్థితి నొక్కసారి ఊహించి చూడుడు. నొప్పి తగ్గిపోయినది. ఒంటిలో శక్తి యున్నట్లే తోచుచున్నది. కాని కదలవద్దని చుట్టునున్న వారందరును చెప్పుచున్నారు. కదలినచో గుండె పగులునేమో యను భయమును అతనికి రోగముకంటె చికిత్సయే ఎక్కువగా నేర్పినది. ఈ చరిత్రలో మాకు మిక్కిలి విచారము కలిగించునది ఇదే, ఏలయన అందరును అతని మేలు కోరియే అట్లు చేసిరి. పైగా, కదలని కాళ్లలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి కొందరు మరణించుటయు కలదు.

ఈ పద్ధతిని బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనువారు ప్రశ్నించిరి. రోగిని తొలిదినములలోనే మంచము దింపి, చేతుల కుర్చీలో కూర్చుండబెట్టిరి. కాళ్లు క్రిందికి దిగియున్నచో గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గి, దాని పని తేలిక యగునని లెవిన్ వాదము. ఆసుపత్రిలోని చిన్న వైద్యులు దీనిని తీవ్రముగా ఎదిరించిరని లౌన్ తరువాత వ్రాసినాడు. 1952లో 81 మంది రోగుల ఫలితములు ప్రకటితమైనవి. భయపడిన ప్రమాదము జరుగలేదు; రోగులు నిబ్బరపడిరి. కుర్చీలో కూర్చున్నవాడు తాను బ్రతికితి ననుకొనును గదా!

1955 సెప్టెంబరు 24న అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు డెన్వర్ నగరమున గుండెపోటు వచ్చెను. అచటికి పిలిపింపబడిన నిపుణుడు ఇంతకుముందు చెప్పిన వైటే. ఆయన రెండు దినములకే పత్రికలవారికి ఆ రోగమును తేటమాటలలో వివరించెను. అధ్యక్షుడు ఏడు వారములు ఆసుపత్రిలో నుండి, మరుసటి యేడు తిరిగి ఎన్నికై, 1969 వరకు జీవించినాడు. గుండెపోటు వచ్చినవాడు మరల పనిలోనికి పోగలడని అమెరికాలో సామాన్య కుటుంబములవారు నమ్ముటకు ఈ ఉదాహరణము ఎంతయో తోడ్పడినది.

అయినను దిగులు మంచముతోపాటు పోలేదు. 1971లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి మనోవైద్యులు కాసెమ్, హాకెట్ దాని క్రమమును గుర్తించిరి. మొదటి రెండు దినములు రోగిని ఆందోళన పట్టియుండును. ప్రాణభయము తీరిన పిమ్మట, మూడవ నాలుగవ దినములలో దిగులు మొదలగును. ఇల్లు చేరినంతనే అది పోదు. మెట్లెక్కుటకు ఆయాసపడినప్పుడు, ఇంటివారు నీళ్లచెంబు కూడ ఎత్తనీయనప్పుడు మరల తలయెత్తును.

ఆ దిగులు ప్రాణములకును ముప్పు తెచ్చునా? 1993లో మాంట్రియల్ నగరమున నాన్సీ ఫ్రాజూర్-స్మిత్, ఆమె తోడివారు 222 మంది రోగులను 6 నెలలు గమనించిరి. గాఢమైన దిగులుగల వారిలో, ఇతర కారణములను లెక్కించిన పిమ్మటను, మరణభయము సుమారు 4 రెట్లుండెను. దిగులు మాన్పినచో ఆయువు పెరుగునని అందరును ఆశపడిరి. కాని 2,481 మందితో అమెరికాలో జరిపిన పరిశోధన ఫలితములు 2003లో వెలువడగా, మానసిక చికిత్సవలన దిగులు కొంత తగ్గినదే కాని మరణములు తగ్గలేదని తేలినది. దీనిని ఓటమి యనుటకు మాకు మనసొప్పదు. బ్రతికియున్న దినములలో దిగులు తగ్గుటయు లాభమే.

2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ హృద్రోగులను మొదట రెండు ప్రశ్నలడుగుమని వైద్యులకు సూచించినది: గడచిన రెండు వారములలో పనులపై ఆసక్తి గాని సంతోషము గాని తగ్గినదా? మనస్సు క్రుంగి, ఆశ లేనట్లు తోచినదా?