ట్రాక్ టైర్ల ఎంపిక

ట్రాక్ టైరు అనగా రేసు ట్రాక్ మీద అధిక వేగంతో నడిపే కార్ల కోసం తయారుచేసిన టైరు. సాధారణ టైరులో మన్నిక, నిశ్శబ్దం, ఇంధన పొదుపు, వాననీటిలో భద్రత వంటివాటికి ప్రాధాన్యం ఉంటుంది. ట్రాక్ టైరులో మలుపులలోను, బ్రేకు వేసినప్పుడు రోడ్డును పట్టుకొనే శక్తికి, వేడిని తట్టుకొనే గుణానికి ప్రాధాన్యం ఉంటుంది. దీనిని సాధారణంగా పట్టు అంటారు. అత్యధిక పట్టు గల టైరే అన్ని కార్లకూ ఉత్తమమైనది కాదు. కారు బరువు, ట్రాక్ స్వభావం, వాతావరణం, చోదకుని అనుభవం, అదే టైర్ల మీద ఇంటికి తిరిగి వెళ్ళవలసి ఉన్నదా లేదా అనే విషయాలను బట్టి ఎంపిక మారుతుంది.

పట్టు కలిగే విధానం

ఒక టైరు రోడ్డును తాకే భాగం సుమారుగా మనిషి అరచేతి పరిమాణంలో ఉంటుంది. కారు వేగం పెరగడం, ఆగడం, తిరగడం అన్నీ ఇటువంటి నాలుగు భాగాల మీదనే ఆధారపడి ఉన్నాయి. మెత్తని రబ్బరు రోడ్డు ఉపరితలంలోని సూక్ష్మమైన ఎత్తుపల్లాలలోకి ఒదిగి గట్టిగా పట్టుకుంటుంది, కాని త్వరగా అరుగుతుంది. టైరు మీది గాడులు నీటిని బయటకు పంపుతాయి. పొడి రోడ్డు మీద మాత్రం గాడులు తక్కువైనకొద్దీ రోడ్డును తాకే రబ్బరు పెరుగుతుంది. గాడుల మధ్యనున్న రబ్బరు దిమ్మెలు మలుపులలో వంగడం కూడా తగ్గుతుంది.

రకాలు

ట్రాక్ మీద వాడే టైర్లను స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చు.

* వేసవి పెర్ఫార్మెన్స్ టైర్లు: రోజువారీ ప్రయాణానికి, వానకు కూడా పనికివస్తాయి. ఉదాహరణ: మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్. ట్రాక్ మీద ఎక్కువసేపు ఎడతెగకుండా నడిపితే వేడెక్కి పట్టు కోల్పోతాయి.
* అతి మెత్తని రోడ్డు టైర్లు: రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్నా ట్రాక్‌ను దృష్టిలో ఉంచుకొని చేసినవి. ఉదాహరణ: యొకోహామా అడ్వాన్ ఎ052, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఇ-71ఆర్‌ఎస్.
* సెమీ-స్లిక్ టైర్లు: గాడులు బాగా తక్కువగా ఉంటాయి. ఉదాహరణ: మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2, పిరెల్లీ పి జీరో ట్రొఫెయో ఆర్. కొన్ని స్పోర్ట్స్ కార్లకు తయారీదారులే వీటిని అమర్చి ఇస్తారు.
* స్లిక్ టైర్లు: వీటికి గాడులే ఉండవు. కేవలం రేసు ట్రాక్ కొరకు ఉద్దేశించినవి, రోడ్డు మీద వాడరాదు.

టైరు మీది అంకెలు

అమెరికాలో అమ్మే కారు టైర్ల మీద ట్రెడ్‌వేర్ అనే అంకె ఉంటుంది. టెక్సస్ రాష్ట్రంలో నిర్ణీత మార్గంలో 7,200 మైళ్ళు నడిపి, ప్రామాణిక టైరుతో అరుగుదలను పోల్చి ఈ అంకెను నిర్ణయిస్తారు. ప్రామాణికం 100. 200 అంకె గల టైరు ఆ పరీక్షలో దానికి రెండింతలు మన్నుతుందని అర్థం. ఈ అంకెను తయారీదారే ప్రకటిస్తాడు. ఇది మన్నికకు కొలమానమే గాని పట్టుకు కాదు. అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆటోక్రాస్ పోటీలలోని స్ట్రీట్ తరగతులకు కనీసం 200 అంకె ఉండాలనే నియమం ఉన్నందున, అదే అంకెతో ఎంతో మెత్తని టైర్లు కూడా మార్కెట్లోకి వచ్చాయి. కాబట్టి 200 అంకె గల రెండు టైర్ల పట్టు ఒకే విధంగా ఉండనవసరం లేదు.

వేగ సూచికలలో వి అక్షరం గంటకు 240 కి.మీ., డబ్ల్యు 270 కి.మీ., వై 300 కి.మీ. గరిష్ఠ వేగాన్ని సూచిస్తాయి. భార సూచిక ఒక టైరు మోయగల బరువును తెలుపుతుంది. ఉదాహరణకు 91 అంటే 615 కిలోలు. తయారీ తేదీని తెలిపే నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. వాడకపోయినా రబ్బరు కాలక్రమేణా గట్టిపడుతుంది కనుక తక్కువ ధరకు వచ్చే పాత నిల్వల విషయంలో ఈ అంకెలను తప్పక చూడాలి.

కారుకు తగిన టైరు

సుమారు 1,000 కిలోల బరువుండే మాజ్దా ఎంఎక్స్-5 వంటి తేలిక కారు మీద చాలాసేపు పనిచేసే టైరు, 1,700 కిలోలు పైబడిన నిస్సాన్ జీటీ-ఆర్ మీద కొద్ది చుట్లలోనే వేడెక్కిపోవచ్చు. మరోవైపు, బరువైన కార్ల కోసం చేసిన గట్టి టైరు తేలిక కారు మీద తగినంత వేడెక్కక పట్టు ఇవ్వకపోవచ్చు. నాలుగు చక్రాలకూ శక్తి అందే కార్లలో ముందు, వెనుక టైర్ల చుట్టుకొలతల నిష్పత్తి మారితే గేర్ల వ్యవస్థ దెబ్బతినే ప్రమాదమున్నది.

పట్టు పెరిగితే కారు ఇతర భాగాల మీద భారం కూడా పెరుగుతుంది. బ్రేకులు, చక్రాల బేరింగులు, సస్పెన్షన్ బుష్‌లు త్వరగా అరుగుతాయి. సాధారణ ఇంజను అడుగున ఉండే నూనె, దీర్ఘమైన మలుపులో ఒక పక్కకు ఒరిగి పంపుకు అందకపోతే ఇంజనే పాడవుతుంది. అందువలన సెమీ-స్లిక్‌ల కన్నా ముందు బ్రేకు ప్యాడ్‌లను, బ్రేకు ద్రవాన్ని మార్చుకోవడం మంచిది.

వేడి, గాలి ఒత్తిడి

ప్రతి టైరు ఒక ఉష్ణోగ్రత పరిధిలోనే ఉత్తమంగా పనిచేస్తుంది. అంతకన్నా చల్లగా ఉంటే జారుతుంది. అతిగా వేడెక్కితే పట్టు తగ్గి, ఉపరితలం మీద బొబ్బలు లేవవచ్చు.

వేడితో టైరు లోపలి గాలి ఒత్తిడి కూడా పెరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 28 పి.ఎస్.ఐ. నింపిన టైరులోని గాలి 80 డిగ్రీలకు చేరితే ఒత్తిడి దాదాపు 36 పి.ఎస్.ఐ. అవుతుంది. కాబట్టి ట్రాక్ నుండి వచ్చిన వెంటనే, టైరు వేడిగా ఉండగానే ఒత్తిడిని కొలిచి సరిచేస్తారు. ఇంటికి బయలుదేరే ముందు, చల్లారిన టైర్లలో తిరిగి గాలి నింపడం మరువరాదు.

రబ్బరులోకి సూది గుచ్చి లోపలి అంచు, మధ్యభాగం, బయటి అంచు అనే మూడు చోట్ల ఉష్ణోగ్రత కొలుస్తారు. రెండు అంచులకన్నా మధ్యభాగం వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్లు, అంచులే వేడిగా ఉంటే గాలి తక్కువైనట్లు భావిస్తారు. మెత్తని టైర్లు వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంత గట్టిపడుతుంది. అందువలన గాడులు మిగిలి ఉండగానే పట్టు తగ్గిపోవచ్చు.

వాన, తిరుగు ప్రయాణం

నిలిచిన నీటిలో గాడులు తక్కువగా ఉన్న టైరు నీటిని పక్కకు నెట్టలేదు. టైరుకు, రోడ్డుకు మధ్య నీటి పొర చేరి కారు తేలిపోతుంది. అప్పుడు స్టీరింగు గాని, బ్రేకు గాని పనిచేయవు. భారతదేశంలో కార్ల టైర్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి లోతు ఉండాలనే నియమం ఉన్నది. ఒకరోజు ట్రాక్ వాడకంతో సెమీ-స్లిక్ ఈ హద్దుకు చేరువ కావచ్చు.

చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు హైదరాబాదు నుండి కారులో వెళ్ళేవారికి ఒకవైపు ప్రయాణమే 600 కి.మీ. పైబడి ఉంటుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వలన ఆ ప్రాంతంలో భారీ వర్షాలు కురుస్తాయి. ఇటువంటివారు ట్రాక్ టైర్లను వేరే చక్రాలకు బిగించి తీసుకువెళ్ళడం, లేదా వానకు పనికివచ్చే వేసవి టైర్లతోనే సరిపెట్టుకోవడం శ్రేయస్కరం.

రేసులలో ఉదాహరణలు

టైరు ఎంపిక ప్రాముఖ్యాన్ని 2005 జూన్ 19న ఇండియానాపోలిస్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రి చాటింది. శుక్రవారం సాధనలో ఏటవాలుగా ఉన్న 13వ మలుపు వద్ద రాల్ఫ్ షూమాకర్ కారు టైరు విఫలమై ప్రమాదం జరిగింది. ఆ మలుపులో వేగం తగ్గిస్తే తప్ప తమ టైర్ల భద్రతకు హామీ ఇవ్వలేమని మిషెలిన్ సంస్థ ప్రకటించింది. ఆ టైర్లు వాడుతున్న 14 కార్లు ఫార్మేషన్ చుట్టు ముగియగానే వైదొలగగా, బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు గల 6 కార్లు మాత్రమే పోటీ చేశాయి. వాటిలో జోర్డాన్ కారు నడిపిన భారతీయుడు నరైన్ కార్తికేయన్ నాలుగవ స్థానం పొందాడు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఇ పోటీలో స్లిక్‌లు వాడలేదు. పొడి రోడ్డుకు, తడి రోడ్డుకు ఒకే రకమైన గాడులున్న హాంకుక్ టైర్లను వాడారు. ప్రపంచ స్థాయి రేసు కారుకు సైతం గరిష్ఠ పట్టు గల టైరునే ఎంచుకోనవసరం లేదని ఇది తెలుపుతున్నది.

ఎంపిక క్రమం

కొత్తగా ట్రాక్‌కు వచ్చేవారు మంచి వేసవి టైర్లతో ప్రారంభించడం మేలు. ఇవి పట్టు కోల్పోయే ముందు కీచుమని శబ్దం చేస్తూ, క్రమంగా జారుతూ హెచ్చరిస్తాయి. సెమీ-స్లిక్‌లు జారడం మొదలయ్యేసరికి కారు మరింత వేగంతో ఉంటుంది కనుక తప్పును సరిదిద్దుకొనే వ్యవధి తక్కువ. బ్రేకులు, చోదకుని నైపుణ్యం తగిన స్థాయికి చేరిన తరువాత మెత్తని టైర్లకు, ఆపై సెమీ-స్లిక్‌లకు మారవచ్చు. స్లిక్‌లు ప్రత్యేకంగా సిద్ధం చేసి, ట్రెయిలర్ మీద ట్రాక్‌కు చేర్చే కార్లకే తగినవి.

ఇవి కూడా చూడండి

* టైరు
* ఘర్షణ
* ఫార్ములా వన్
* నరైన్ కార్తికేయన్