తెప్ప, ట్యూబు, మా కవిటి సముద్రం

మొన్నామధ్య ఆఫీసు పని మీద మూడు నెలలు కొలరాడోలో ఉండాల్సొచ్చింది. టీంలో ఒకాయనకి చేపల పిచ్చి. ఒక శనివారం "వస్తావా" అంటే సరేనని బయల్దేరాను. తీరా చెరువు దగ్గరికెళ్లాక పడవేదీ అని చూస్తే, కారు డిక్కీలోంచి రెండు గాలి ట్యూబులు తీశాడు. గుర్రపునాడా ఆకారం, మధ్యలో కూర్చోడానికో గుడ్డ సీటు. ఫ్లోట్ ట్యూబ్ అంటారట. కాళ్లకి బాతుకాళ్లలాంటి రబ్బరు తొడుగులు వేసుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ నీళ్లలోకి దిగాలి. తెడ్డు పని కాళ్లు చేస్తాయి, చేతులు గాలానికి ఖాళీగా ఉంటాయి. రెండు గంటలకి ఆయనకి నాలుగు చేపలు పడ్డాయి. నాకు పడింది జలుబు :)

ఆ ఫోటో ఇంటికి పంపితే అది చేతులు మారి ఇద్దివానిపాలెంలో మా నాన్నకి తెలిసిన ఒక వాడబలిజ తాతగారి దాకా వెళ్లింది. ఆయన ఒకటే మాటన్నాడట. "ఇది మా తెప్పే కదేటి బాబూ, మాకు సీటు నేదంతే!"

నవ్వుకున్నాను కానీ, తర్వాత కాస్త చదివితే తాత చెప్పింది అక్షరాలా నిజమని తేలింది. విలియం డాంపియర్ అని ఒక ఇంగ్లీషు నావికుడు (సగం దొంగ కూడా అనుకోండి) 1697లో అచ్చేసిన తన యాత్రా పుస్తకంలో కోరమాండల్ తీరపు తెప్పల గురించి రాశాడు. ఒకటో రెండో తేలిక దుంగలు, మీద ఒక్క మనిషి, ఆ మనిషి కాళ్లూ పిర్రలూ ఎప్పుడూ నీళ్లలోనే అని. ఇప్పుడు వందల డాలర్లు పోసి కొనుక్కుంటున్న సుఖం సరిగ్గా ఇదే కదా.

ఆయన వాడిన 'కాటమరాన్' మాట తమిళుల కట్టుమరం నుంచి వచ్చింది. కట్టిన మాను అని అర్థం, అంతే. ఆ తర్వాత ఆ మాట ఎక్కడికో వెళ్లిపోయింది. 1876లో నథానియల్ హెరెషాఫ్ అనే అమెరికన్ రెండు పొట్టల పడవ కట్టి పందెంలో అందర్నీ ఓడించాక, ప్రపంచానికి కాటమరాన్ అంటే ఆ జంట పడవే అయిపోయింది. మన నారాయణమూర్తి గారి పెట్టుబడుల కంపెనీ పేరు కూడా కాటమరానే. అసలు కాటమరాన్ మాత్రం మా ఇసకలో ఎండుతూ ఉండేది.

ఎండుతూ అని ఊరికే అనలేదు. దుంగల తెప్పకి పొట్ట ఉండదు. అల మీద పడితే నీళ్లు సందుల్లోంచి కారిపోతాయి, కాబట్టి మునగడమంటూ లేదు. తిరగబడితే మళ్లీ ఎక్కి కూర్చోవడమే. కానీ చెక్క నీళ్లు తాగి బరువెక్కుతుంది. అందుకే ఒడ్డుకి రాగానే తాళ్లు విప్పి దుంగలు విడదీసి ఆరబెట్టేవాళ్లు, వేటకి వెళ్లేటప్పుడు మళ్లీ కట్టుకునేవాళ్లు. రేవు లేని తీరానికి ఇంతకన్నా మంచి డిజైన్ ఉంటుందనుకోను. మద్రాసులో పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తే, మామూలు పడవలు దాటలేని కెరటాల్లో ఉత్తరాలు మోసింది కూడా తెప్పలవాళ్లే, తలమీద టోపీలో తడవకుండా పెట్టుకుని.

మద్రాసు రాష్ట్ర మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో మన దేశపు పడవల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. తీరం వెంబడి తెప్ప కట్టే తీరు ఎలా మారుతుందో అందులో ఉంది. అప్పటికి మా కవిటి వైపు గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు మేం విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో శ్రీకాకుళంలోకి వచ్చాం. జిల్లాలు మారినా తెప్ప మారలేదు. కవళ్లు, కానాగంతలు, అదృష్టం బాగుంటే కోనాం.

మార్పంతా తర్వాతే. విశాఖలో ట్రాలర్లు పెరిగాయి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం వాళ్లు ఇసక మీదకి లాగగలిగే కొత్త రకం పడవలు తయారుచేసి ఈ తీరంలో ప్రయోగాలు చేశారు. మెల్లగా దుంగల చోట ఫైబరు, లోపల థర్మోకోలు, వెనక ఇంజను వచ్చాయి. ఇక్కడ చిన్న తమాషా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం (2015కి ముందు 47 రోజులే ఉండేది). ఇంజను లేని తెప్పకి మాత్రం ఆ నిషేధం లేదు. అంటే చేపకి హాని చెయ్యని వేట అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు! కానీ దాంతో ఇల్లు గడవదు.

గడవకే వెళ్లిపోయారు. శ్రీకాకుళానికి దాదాపు 193 కిలోమీటర్ల తీరముంది, మన కుర్రాళ్లు మాత్రం గుజరాత్ వెరావల్‌లో ఇంకొకరి బోటు మీద జీతానికి పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లనే పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. ఎక్కువమంది మన జిల్లావాళ్లే. 20 మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించారు. ఆ కథే 2025లో 'తండేల్' సినిమా అయింది. అదే 2020లో లాక్‌డౌన్‌కి గుజరాత్‌లో చిక్కుకుపోయిన నాలుగు వేలమందికి పైగా ఆంధ్రా మత్స్యకారుల్ని బస్సుల్లో తీసుకొచ్చారు. నేనూ హైదరాబాదులో ఇంకొకరి కోడ్ రాస్తున్నవాణ్ణే గానీ, నన్నెవరూ సరిహద్దు దాటావని పట్టుకోరు కదా.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాతగారి దగ్గరికెళ్లాను. పుట్టి పెరిగింది సముద్రం పక్కనే అయినా తెప్పెక్కింది లేదు, మా అమ్మ ఎక్కనిచ్చేది కాదు. "ఒక్కసారి తీసుకెళ్లు తాతా" అంటే నవ్వాడు. కొడుకులిద్దరూ వెరావల్‌లో ఉన్నారట. తెప్ప విప్పేసి చాలా ఏళ్లయిందట, కట్టడానికి తోడు మనుషులు లేరు. రెండు దుంగలు వాకిట్లో కూర్చోడానికి వేశారు. వాటిమీద కూర్చునే టీ తాగాం. ఆ ట్యూబు ఖరీదెంత అని అడిగాడు. చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.