చెప్పేవాడే రాసేవాడైతే: ఆటోఎత్నోగ్రఫీ పుట్టుక

పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు కొందరు ఇప్పుడు తమ బతుకునే పరిశోధనకు ఆధారంగా తీసుకుంటున్నారు. హాస్టల్లో ఎదురైన వివక్ష, ఇంట్లో చూసిన జబ్బు, వలస బతుకు... ఏదైనా సరే, దాని గుండా తమ సమాజాన్ని పరిశీలించే పద్ధతి ఆటోఎత్నోగ్రఫీ. ఇది ఆత్మకథకు దగ్గరి చుట్టం. అయితే దీని మూలాల్లోకి వెళితే ‘నేను’ కంటే ముందు ‘మేము’ కనిపిస్తుంది.

కెన్యాకు చెందిన జోమో కెన్యాట్టా లండన్‌లో మాలినోవ్‌స్కీ దగ్గర మానవశాస్త్రం చదివాడు. తన కికుయు జనం భూమి హక్కులు, పెళ్లిళ్లు, ఆచారాల గురించి 1938లో ‘ఫేసింగ్ మౌంట్ కెన్యా’ అచ్చువేశాడు. అంతవరకూ ఎక్కువగా దొరలు అడిగితే జవాబు చెప్పడమే ఆఫ్రికా వాళ్ల పని. ఇక్కడ జవాబు చెప్పేవాడే కలం పట్టాడు. మాలినోవ్‌స్కీ తరగతిలోనే కెన్యాట్టాకూ లూయీ లీకీకీ వాదన జరిగింది. లీకీ మిషనరీ కొడుకు, కికుయుల మధ్యే పెరిగిన తెల్లవాడు. మరి లోపలివాడు ఎవరు? ఈ పద్ధతిని ఇప్పటికీ వదలని ప్రశ్న అది. 1966లో మానవశాస్త్రవేత్త రేమండ్ ఫర్త్ ఈ ముచ్చట చెబుతూ ‘ఆటోఎత్నోగ్రఫీ’ అన్నాడని, అది విన్న డేవిడ్ హయానో 1979 నాటి వ్యాసంలో రాశాడు. హయానో స్వయంగా కాలిఫోర్నియా పేకాట క్లబ్బుల్లో ఆడుతూ తోటి ఆటగాళ్ల మీద పుస్తకం రాసినవాడు. ఈలోగా 1975లో కార్ల్ హైడర్, న్యూగినీలోని డాని జనం తమ పనుల గురించి తామే చెప్పుకున్నదానికి ఇదే పేరు పెట్టాడు.

‘నేను’ను నడిబొడ్డున నిలబెట్టింది అమెరికా సామాజిక శాస్త్రవేత్త కరొలిన్ ఎలిస్. సహచరుడు జీన్ వైన్‌స్టీన్ ఊపిరితిత్తుల జబ్బుతో రోజురోజుకీ క్షీణిస్తుంటే, ఆ సేవనూ విసుగునూ ప్రేమనూ ఆమె నోట్సుగా రాసుకుంది. 1995లో అది ‘ఫైనల్ నెగోషియేషన్స్’గా వచ్చింది. ఆసుపత్రి కేసుషీట్లకు ఎక్కని నిజాలు అందులో ఉన్నాయి. అంతకుముందు చెసాపీక్ తీరపు జాలర్ల మీద ఆమె రాసిన పుస్తకం ఆ ఊళ్లవాళ్ల చెవిన పడింది. నమ్మి ఇంట్లోకి రానిస్తే ఇలా రాసిందేమిటని వాళ్లు బాధపడ్డారు. ఆ బాధను కూడా ఆమె దాచకుండా రాసింది.

సొంత అనుభవం ఒక్కటే చాలదు, ఇతరులతోనూ మాట్లాడాలి, సిద్ధాంతంతో ముడిపెట్టాలి అని 2006లో సామాజిక శాస్త్రవేత్త లియాన్ ఆండర్సన్ వాదించాడు. థీసిస్ రాసేవాళ్లకు నేను ఈ దారినే సూచిస్తాను. వైవాలో నిలబడేది ఇదే. అంతకంటే కష్టమైంది, ఎవరి గురించి రాస్తామో వాళ్ల అనుమతి. అమ్మ గురించి రాస్తే ఆమె పేరు మార్చినా లాభం లేదు, అట్టమీద కూతురి పేరుంటుంది. అందుకే ఆ అధ్యాయాన్ని గైడు కంటే ముందు అమ్మకు చదివి వినిపించాలి, వద్దన్న పేజీని తీసేయాలి.